తాళం ఇంట్లోనే ఉంది, కారు లేదు



2017లో ఇంగ్లండులోని సోలిహల్ అనే ఊళ్ళో ఓ ఇంటి ముందున్న సీసీ కెమెరాకు ఒక కారు దొంగతనం చిక్కింది. వెస్ట్ మిడ్‌ల్యాండ్స్ పోలీసులు ఆ వీడియోను జనం ముందు పెట్టారు. రాత్రి వేళ. ఇంటి ముందు మెర్సిడెస్ కారు. ఇద్దరు వచ్చారు, చెరొక పెట్టె పట్టుకుని. ఒకడు కారు పక్కన నిలబడ్డాడు. రెండోవాడు ఇంటి దగ్గరికి వెళ్ళి, తన పెట్టెను తలుపుకు దగ్గరగా అటూ ఇటూ జరిపి చూశాడు. కాసేపటికి కారు తలుపు తెరుచుకుంది. ఇంజను స్టార్టయింది. కారు వెళ్ళిపోయింది. మొత్తం పని ఇంచుమించు ఒక్క నిమిషం. అద్దం పగలగొట్టలేదు. ఇంట్లోకి అడుగు పెట్టలేదు. కారు తాళం ఇంటి లోపలే ఉంది.

ఆ నిమిషంలో ఏం జరిగిందో, మన ఇళ్ళ ముందు అలాంటిది జరగకుండా ఏం చేయాలో ఈ పూట చెప్పుకుందాం.

తాళం జేబులోంచి తీయకుండానే కారు తెరుచుకోవడం, బటన్ నొక్కితే ఇంజను స్టార్టవడం ఒకప్పుడు ఖరీదైన కార్లలోనే ఉండేది. ఇప్పుడు మన హైదరాబాదులో, విజయవాడలో, విశాఖలో చిన్న కారు కొన్నా, పై రకం తీసుకుంటే పుష్ స్టార్ట్ బటన్ వస్తోంది. రెండు చేతుల్లో సామాన్లున్నప్పుడు, చంకలో పసిబిడ్డ ఉన్నప్పుడు ఆ సౌకర్యం విలువ తెలుస్తుంది. దాన్ని నేను తక్కువ చేయను. కాకపోతే ఆ సౌకర్యం ఎలా పనిచేస్తుందో తెలిసినవాళ్ళు తక్కువ. దొంగకు మాత్రం బాగా తెలుసు.

మీరు తలుపు పిడి మీద చెయ్యి వేయగానే కారు చాలా తక్కువ ఫ్రీక్వెన్సీలో, సాధారణంగా 125 కిలోహెర్ట్జ్ దగ్గర, ఒక పిలుపు పంపుతుంది. మీడియం వేవ్ రేడియో స్టేషన్ల కన్నా ఇది బాగా కింద. ఈ పిలుపు మీటరు, రెండు మీటర్లు దాటేసరికి నీరసించిపోతుంది. కారు కంపెనీలు కావాలనే అలా పెట్టాయి. జేబులోని కీకి ఆ పిలుపు వినపడితే అది మేలుకుంటుంది. కారు అడిగిన ప్రశ్నకు రహస్య సంకేతంతో జవాబిస్తుంది. ఆ జవాబు వెళ్ళేది వేరే ఫ్రీక్వెన్సీలో. యూరప్ కార్లలో సాధారణంగా 433 మెగాహెర్ట్జ్ దగ్గర, అమెరికాలో 315 దగ్గర. ఈ జవాబు పదుల మీటర్ల దూరం తేలిగ్గా పోతుంది. జవాబు సరిగ్గా ఉంటే తలుపు తెరుచుకుంటుంది.

ఇక్కడే ఒక లోపం ఉంది. కీ తన పక్కనే ఉందని కారు ఎలా తెలుసుకుంటోంది? దూరాన్ని కొలిచి కాదు. "నా పిలుపు రెండు మీటర్లే పోతుంది, అయినా కీకి వినపడింది, కాబట్టి కీ దగ్గరే ఉండాలి" అని అనుకుంటోంది, అంతే. ఆ పిలుపును ఎవరైనా మోసుకెళ్ళి దూరంగా ఉన్న కీకి వినిపిస్తే? కారుకు తేడా తెలియదు. సోలిహల్‌లో జరిగింది అదే. కారు పక్కనున్నవాడి పెట్టె కారు పిలుపును అందుకుంది. గుమ్మం దగ్గరి పెట్టె దాన్ని బలంగా ఇంట్లోకి వినిపించింది. గోడ అవతల ఉన్న కీ, యజమాని కారు దగ్గరే నిలబడ్డాడనుకుని, జవాబిచ్చింది. దీన్నే రిలే దొంగతనం అంటారు.

"కీలో రహస్య సంకేతం ఉంటుంది కదా, ప్రతిసారీ మారిపోతుంది కదా" అని చాలామంది అడుగుతారు. నిజమే. అయితే పెళ్ళిలో పురోహితుడి ముందు పెట్టిన మైకుకు మంత్రాల అర్థం తెలియనక్కర్లేదు. అర్థం తెలియకుండానే వాటిని వీధి చివరిదాకా వినిపిస్తుంది. దొంగ చేతిలోని పెట్టె కూడా అంతే. అది సంకేతాన్ని విప్పదు, మార్చదు, దాచుకోదు. ఇక్కడ విన్నదాన్ని అక్కడ వినిపిస్తుంది. అందుకే సంకేతం ఎంత పకడ్బందీగా ఉన్నా ఈ దొంగతనం ముందు అక్కరకు రాదు.

ఇది ఎవరికీ తెలియని రహస్యమా అంటే, కాదు. 2011లోనే స్విట్జర్లాండులోని జ్యూరిక్ సాంకేతిక విశ్వవిద్యాలయానికి చెందిన ఫ్రాన్సియాన్, డానెవ్, చాప్‌కున్ అనే ముగ్గురు పరిశోధకులు దీన్ని బహిరంగంగా నిరూపించారు. 8 కంపెనీలవి 10 మోడళ్ళ కార్లు తీసుకుని పరీక్షించారు. పదికి పదీ తెరుచుకున్నాయి, స్టార్టయ్యాయి. కీ నుంచి 8 మీటర్ల దూరంలో యాంటెన్నా పెట్టినా పని జరిగింది. ఎనిమిది మీటర్లంటే వీధి గుమ్మం నుంచి ఇంటి వెనక గది దాకా ఉండే దూరం. వాళ్ళు వాడిన పరికరాల ఖర్చు కూడా పెద్దది కాదు, వందల డాలర్లలోనే. తర్వాత 2016 నుంచి జర్మనీలోని వాహనదారుల సంఘం ఏడీఏసీ ఇలాంటి పరీక్షలు చేస్తూ వచ్చింది. వందల మోడళ్ళు పరీక్షిస్తే వాటిలో అత్యధిక భాగం రిలేకు లొంగిపోయాయి. తెలిసిన లోపం ఇన్నేళ్ళుగా కొత్త కార్లలో వస్తూనే ఉంది. నన్ను కలవరపెట్టే సంగతి ఇదే.

ఇంకో సందేహం రావచ్చు. కారు కదిలిపోయాక కీ దూరమైపోతుంది కదా, ఇంజను ఆగిపోదా? ఆగదు. నడుస్తున్న కారు కీ కనపడలేదని హైవే మీద చటుక్కున ఆగిపోతే ప్రాణాలు పోతాయి. అందుకని ఒకసారి స్టార్టయ్యాక, కీ కనపడడం లేదని హెచ్చరిక చూపిస్తుందే తప్ప ఇంజనును ఆపదు. మన ప్రాణరక్షణ కోసం పెట్టిన ఆ ఏర్పాటు దొంగకూ కలిసొస్తుంది. ఇంజను ఆపకుండా తమ చోటుకి తీసుకెళ్ళి, అక్కడ తీరిగ్గా కొత్త కీ తయారు చేసుకుంటారు.

ఈ దొంగతనాల దెబ్బ గట్టిగా తగిలిన దేశం కెనడా. టొరంటో చుట్టుపక్కల బ్రాంప్టన్, మిస్సిసాగా ఊళ్ళలో మన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. మీలో కొందరి పిల్లలు అక్కడే ఉండొచ్చు. అక్కడ ఇళ్ళ ముందు డ్రైవ్‌వేలో నిలిపిన పెద్ద కార్లు తెల్లారేసరికి మాయమై, కంటెయినర్లలోకెక్కి, మాంట్రియల్ రేవు నుంచి విదేశాలకు పోతున్నాయి. 2024 ఏప్రిల్‌లో ఒంటారియో పోలీసులు, సరిహద్దు అధికారులు కలిసి ఆ రేవులో 598 దొంగ వాహనాలు పట్టుకున్నట్టు ప్రకటించారు. వాటిలో అధికభాగం ఒంటారియోవే. అంతకు ముందు ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం కారు దొంగతనాల మీదే ఒట్టావాలో జాతీయ స్థాయి సమావేశం పెట్టింది. ఆ రోజుల్లోనే టొరంటోలో ఒక సభలో ఒక పోలీసు అధికారి, దొంగలు ఇంట్లోకి జొరబడి మిమ్మల్ని కొట్టకుండా ఉండాలంటే కారు కీని సంకేతాలను ఆపే పౌచ్‌లో పెట్టి గుమ్మం దగ్గరే ఉంచండి అన్నారు. జనం మండిపడ్డారు. ఆయన ప్రాణభయంతోనే అలా అని ఉండవచ్చు. కానీ కారును కాపాడే ఆశ వదులుకుని, కనీసం మనుషులనైనా కాపాడుకోండి అనే స్థితికి ఒక నగరం చేరిందంటే, ఆ తప్పు ఆ అధికారిది కాదు. కొలవాల్సిన దూరాన్ని కొలవని కారుది.

మన దేశంలో పరిస్థితి కొంచెం వేరు. ఢిల్లీ పోలీసులు పట్టుకున్న ముఠాల దగ్గర ఎక్కువగా దొరుకుతున్నవి కీ ప్రోగ్రామింగ్ చేసే ట్యాబ్లెట్లు. కారు అద్దం పగలగొట్టి లోపలికి దూరి, స్టీరింగు కింద ఉండే ఓబీడీ పోర్టుకు తగిలించి, నిమిషాల్లో కారుకు కొత్త కీని పరిచయం చేస్తారు. ఆ పోర్టు మెకానిక్ కారులోని లోపాలు చదవడానికి పెట్టింది. ఇంకో పద్ధతి ఉంది. పార్కింగ్‌లో మీరు లాక్ బటన్ నొక్కే క్షణంలో దొంగ జామర్ వేస్తాడు. కీ మాట కారుకు అందదు. మీరు లాక్ అయిందనుకుని వెళ్ళిపోతారు. దక్షిణాఫ్రికాలో ఇది ఎప్పటినుంచో ఉన్న బెడద. మూడో రకం లండన్‌లో బయటపడింది. 2022లో ఒక టొయోటా ర్యావ్4 ముందు బంపరును, హెడ్‌లైటు వైర్లను ఎవరో కదిలించారు. ఆ తర్వాత కారే పోయింది. ఆ కారు యజమాని స్వయంగా వాహన భద్రతా పరిశోధకుడు. ఆయనా, ఆయన మిత్రుడూ కలిసి కూపీ లాగితే, బ్లూటూత్ స్పీకరు రూపంలో దాచిన ఒక పరికరాన్ని హెడ్‌లైటు వైర్లకు తగిలించి, కీ వచ్చేసిందని కారు కంప్యూటర్లకు అబద్ధం చెబుతున్నారని తేలింది. 2023లో ఆ వివరాలు లోకానికి తెలిశాయి.

ఇన్ని రకాలు చెప్పడం భయపెట్టడానికి కాదు. ఒక్క ఉపాయంతో అన్నీ ఆగవని చెప్పడానికి. రెండు మూడు అడ్డంకులు పెట్టాలి. అవేమిటో ఇప్పుడు చూద్దాం.

మొదటిది, కీ నోరు మూయించడం. చాలా ఇళ్ళలో కారు కీ ఎక్కడుంటుంది? వీధి గుమ్మం పక్క గోడకు మేకు, లేదా చెప్పుల స్టాండు మీద చిన్న గిన్నె. బండి తాళం, బీరువా తాళం, గేటు తాళం, వాటి మధ్యనే కారు కీ. బయటి నుంచి తలుపు దాకా వచ్చినవాడికి అది ఒక అడుగు దూరం. ముందు ఆ చోటు మార్చండి. అయితే చోటు మారిస్తేనే సరిపోదు, ఎనిమిది మీటర్ల సంగతి ఇందాక చెప్పుకున్నాం. కీని లోహపు పొర ఉన్న పౌచ్‌లో పెట్టాలి. ఫారడే పౌచ్ పేరుతో దొరుకుతుంది. 1836లో మైకెల్ ఫారడే, చుట్టూ లోహం ఉన్న గది లోపలికి బయటి విద్యుత్ ప్రభావం చేరదని చూపించాడు. సూత్రం అదే. రిలే జరగాలంటే కారు పిలుపు లోపలికి రావాలి, కీ జవాబు బయటికి పోవాలి. ఈ రెండిట్లో ఏ ఒక్కటి ఆగినా దొంగ ఆట కట్టు.

పౌచ్ కొన్నాక పరీక్ష తప్పనిసరి. కీని పౌచ్‌లో పెట్టి, మూత పూర్తిగా మడిచి, జేబులో వేసుకుని కారు దగ్గరికి వెళ్ళండి. రెండో కీ మీ దగ్గర ఉండకూడదు. తలుపు పిడి పట్టుకుని లాగండి. పౌచ్‌ను పిడికి ఆనించి మళ్ళీ లాగండి. తలుపు తెరుచుకుంటే ఆ పౌచ్ పనికిరాదు. తెరుచుకోకపోతే పనిచేస్తున్నట్టే. మూణ్ణెల్లకోసారి మళ్ళీ చూడండి, ఎందుకంటే మడతల దగ్గర లోపలి పొర అరిగి చిట్లిపోతుంది, పైకి మాత్రం కొత్తదానిలాగే కనిపిస్తుంది. వంటింట్లోని స్టీలు డబ్బా కొన్నిసార్లు పనిచేస్తుంది, కొన్నిసార్లు చేయదు. మూత బిగుతు మీద ఆధారపడి ఉంటుంది. దానికీ ఇదే పరీక్ష. మైక్రోవేవ్ ఓవెన్‌లో పెట్టమని చెప్పేవాళ్ళ మాట వినకండి. ఎవరో చూడకుండా ఆన్ చేస్తే కీ కాలిపోతుంది, మంటా రావచ్చు.

రెండో కీని అందరూ మరిచిపోతారు. కారు కొన్నరోజు నుంచి బీరువాలో పడి ఉంటుంది, అది కూడా పిలిస్తే పలుకుతుంది. దానికీ పౌచ్ పెట్టండి, లేదా అందులోని గుండ్రటి బ్యాటరీ తీసి పక్కన పెట్టండి. అవసరం పడితే, బ్యాటరీ లేని కీని కూడా స్టార్ట్ బటనుకో, కారు పుస్తకంలో చూపిన చోటుకో ఆనిస్తే చాలా కార్లు స్టార్టవుతాయి.

ఇంకో మార్గం డబ్బు ఖర్చు లేనిది. చాలా కీలను నిద్రపుచ్చవచ్చు. టొయోటా వారి చాలా మోడళ్ళలో లాక్ బటన్ నొక్కి పట్టుకుని అన్‌లాక్ బటన్ రెండుసార్లు నొక్కితే, కీ మీది చిన్న దీపం నాలుగుసార్లు మెరుస్తుంది. అప్పటినుంచి ఏదో ఒక బటన్ నొక్కేదాకా ఆ కీ కారు పిలుపుకు పలకదు. బ్యాటరీ ఆదా కోసం పెట్టిన ఏర్పాటు భద్రతకూ పనికొస్తుంది. మరికొన్ని కార్లలో కీలెస్ సదుపాయాన్నే సెట్టింగుల్లో ఆపేయవచ్చు. మీ కారు సంగతి గ్లవ్ బాక్సులో ఉన్న పుస్తకంలో ఉంటుంది. ఎవరూ తెరవని ఆ పుస్తకాన్ని ఒక ఆదివారం తెరవండి.

రెండో అడ్డంకి కంటికి కనపడేది. స్టీరింగ్ లాక్, గేర్ లాక్. పాత పద్ధతని చులకన చేయకండి. రిలే వేసినా, కొత్త కీ చేసినా, హెడ్‌లైటు వైర్లు కదిపినా, ఉక్కు కడ్డీని రేడియో తరంగాలతో తెరవలేరు. దాన్ని కోయాలి. కోస్తే చప్పుడవుతుంది, సమయం పడుతుంది. దొంగకు ఆ రెండూ పడవు. ఓబీడీ పోర్టుకు కూడా తాళం బిగించే వీలుంది. నమ్మకమైన గ్యారేజీలో అడగండి.

మూడోది మన అలవాట్లు. పార్కింగ్‌లో లాక్ నొక్కి వెనక్కి చూడకుండా నడిచిపోకండి. అద్దాలు ముడుచుకున్నాయా, లైట్లు మెరిశాయా చూసి, తలుపు ఒకసారి లాగండి. హోటల్లో, ఫంక్షన్ హాల్లో కారు వాలేకి ఇచ్చేటప్పుడు ఇంటి తాళాల గుత్తి మొత్తం ఇవ్వకండి. సెకండ్ హ్యాండు కారు కొంటే రెండు కీలూ అడిగి తీసుకోండి. ఆ తర్వాత సర్వీసు సెంటరులో, ఈ కారు జ్ఞాపకంలో ఎన్ని కీలు నమోదయ్యాయో చూడమనండి. మీ చేతిలో ఉన్నవి రెండయి, అక్కడ మూడు కనపడితే, మూడోది తీసేయించేదాకా అక్కడి నుంచి కదలకండి.

ఎంత జాగ్రత్త పడినా పోతే? వెంటనే 112కి ఫోన్ చేయండి, ఎఫ్‌ఐఆర్ నమోదు చేయించండి, బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయండి. క్లెయిము సమయంలో బీమా వాళ్ళు మొదట అడిగేది రెండు ఒరిజినల్ కీలు. ఒకటి ఎక్కడో పోయిందంటే, కారులోనే వదిలేశారేమోనని అనుమానిస్తారు. అందుకే కీ పోయిన రోజునే ఫిర్యాదు చేసి, రసీదు దాచుకోండి. ఇంకో మాట. 2020 జనవరిలో గుర్షిందర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, వాహనం పోయిన వెంటనే పోలీసులకు ఫిర్యాదు చేసి ఉంటే, బీమా కంపెనీకి చెప్పడంలో జరిగిన ఆలస్యం ఒక్కదాన్నే సాకుగా చూపి క్లెయిము తోసిపుచ్చకూడదని చెప్పింది. కాబట్టి పోలీసు స్టేషనుకు వెళ్ళడంలో మాత్రం ఆలస్యం చేయకండి.

ఇవన్నీ మనం చేయవలసినవి. అయితే ఈ భారమంతా కారు కొన్నవాడి నెత్తిన వేయడం న్యాయం కాదు. లక్షలు పోసి కారు కొని, దాని కీని రాత్రుళ్ళు డబ్బాలో దాచుకోవలసి రావడం ఏమిటి? అసలు మందు కారులోనే ఉండాలి. ఆ మందు ఏదో కూడా తెలుసు. దూరాన్ని ఊహించడం మాని, కొలవడం. రేడియో తరంగం ఒక నానోసెకనులో 30 సెంటీమీటర్లు పోతుంది. కారు అడిగిన ప్రశ్నకు జవాబు రావడానికి పట్టిన సమయాన్ని అంత సూక్ష్మంగా కొలిస్తే, కీ అసలు దూరం తెలిసిపోతుంది. దొంగ సంకేతాన్ని ఎంత దూరమైనా మోయవచ్చు గానీ, కాంతి కన్నా వేగంగా మోయలేడు. ఈ ఆలోచనను 1993లోనే బ్రాండ్స్, చౌమ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ప్రతిపాదించారు. ఇప్పుడు అల్ట్రా వైడ్‌బ్యాండ్ అనే రేడియో పద్ధతి వచ్చాక అది ఆచరణలో సాధ్యమైంది. జాగ్వార్ ల్యాండ్ రోవర్, బీఎండబ్ల్యూ లాంటి కంపెనీలు తమ కీలలో వాడుతున్నాయి. ఫోర్డ్ వాళ్ళు 2019లో ఇంకా తేలిక మార్గం పట్టారు. కీలోనే కదలికను కనిపెట్టే సెన్సారు పెట్టారు. 40 సెకన్లు కదలకుండా ఉంటే కీ తనంతట తానే నిద్రపోతుంది. బల్ల మీద ఉన్న కీ దొంగ పిలుపుకు పలకదు.

అయితే అల్ట్రా వైడ్‌బ్యాండ్ చిప్ ఉన్నంత మాత్రాన సరిపోదు. 2024లో చైనా పరిశోధకులు, అది ఉన్న టెస్లా మోడల్ 3ని కూడా రిలేతో తెరిచి చూపించారు. కారులో కొలబద్ద ఉంది, దాంతో దూరం కొలిచే పని మాత్రం అప్పటికి పెట్టలేదు. అదే టెస్లాలో 2018 నుంచి, బండి కదలాలంటే పిన్ నంబరు నొక్కాలనే ఏర్పాటు ఉంది. అది ఆన్ చేసుకున్నవాళ్ళ కారు తలుపు తెరుచుకుంటుందేమో గానీ, ముందుకు కదలదు.

ప్రభుత్వాలూ కదులుతున్నాయి. బ్రిటన్‌లో 2025 ఫిబ్రవరిలో పార్లమెంటు ముందు పెట్టిన బిల్లులో, ఇలాంటి దొంగ పరికరాలు దగ్గర ఉంచుకోవడమే నేరమని, ఐదేళ్ళ దాకా జైలు అని రాశారు. మంచిదే. కానీ చట్టం దొంగను దొరికాకే పట్టుకుంటుంది. దూరం కొలిచే కారు వాడిని ముందే ఆపుతుంది.

ఆ కారు మన షోరూముల్లోకి త్వరగా రావాలంటే కొనేవాళ్ళం అడగాలి. మనం మైలేజీ ఎంత, సన్‌రూఫ్ ఉందా, తెర ఎన్ని అంగుళాలు అని అడుగుతాం. కంపెనీలు అవే పెంచుతూ వస్తున్నాయి. ఈసారి ఇంకో మూడు ప్రశ్నలు అడగండి. ఈ కీ కదలకుండా ఉంటే నిద్రపోతుందా? ఈ కారు కీ దూరాన్ని నిజంగా కొలుస్తుందా? అక్కర్లేదనుకుంటే కీలెస్ సదుపాయాన్ని ఆపేయడానికి వీలుందా? సేల్స్ కుర్రాడికి జవాబు తెలియకపోతే, తెలుసుకుని చెప్పమనండి. జవాబు వచ్చేదాకా అడ్వాన్సు ఇవ్వకండి. ఒకరు అడిగితే విని ఊరుకుంటారు. వందమంది అడిగితే ఆ ప్రశ్న కంపెనీ దాకా పోతుంది.